లింగయ్య మాస్టరు మౌత్‌పీసు

పల్నాడు వెళ్ళొస్తానంటే మా తెనాలిలో నన్ను వింతగా చూశారు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, బ్యాండు వాళ్ళకి పని ఉండదు, హాయిగా ఇంట్లో పడి నిద్రపోక ఆ రాళ్ళ దేశంలో ఏం పనిరా నీకు అని మా యజమాని అడిగాడు. కోటప్పకొండకి మొక్కేమైనా ఉందా అని మా బావమరిది అడిగాడు. ఉందన్నాను. నిజం చెబితే నవ్వుతారు. నేను వెళ్ళింది వేలెడంత ఇత్తడి ముక్క కోసం.

కార్నెట్‌ను దగ్గరగా చూడనివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెళ్ళి బ్యాండులో పాట అందుకునే బూర అది. దాని చివర నోటికి ఆనించుకునే చిన్న గిన్నె లాంటి ముక్క ఒకటి ఉంటుంది, ఊడదీసి జేబులో వేసుకోవచ్చు. దాన్నే మౌత్‌పీసు అంటాం. బూర యజమానిది, మౌత్‌పీసు ఊదేవాడి సొంతం. పెళ్ళి అయిపోగానే బూరలు యజమాని పెట్టెలోకి పోతాయి, మౌత్‌పీసులు మాతో ఇళ్ళకి వస్తాయి. ఒకడిది ఇంకొకడు నోట పెట్టడు. ఎంగిలి అనేది ఒకటి. అదలా ఉంచినా, ఒకరి మూతికి కుదిరింది మరొకరికి కుదరదు. లావు పెదవులవాడికి వెడల్పు అంచు కావాలి, సన్న పెదవులవాడికి చిన్నది కావాలి. గిన్నె లోతుగా ఉంటే గొంతు నిండుగా వస్తుంది. లోతు తక్కువైతే పై స్వరాలు తేలిగ్గా పలుకుతాయి కాని కీచుగా ఉంటాయి.

నావి లావు పెదవులు, నా మౌత్‌పీసు చిన్నది. ఏళ్ళ తరబడి దాన్నే మూతికి అదుముకుని ఊరేగింపులన్నీ ఊదేశాను. ఆ అదుముడికి పై వరసలో ముందు పన్ను కదలడం మొదలుపెట్టింది. అది ఊడిందంటే కార్నెట్ పట్టే యోగం నాకు తీరినట్టే. వెనక వరసలో తాళాలు కొట్టుకోవాలి.

పన్ను బాధ ఒక్కటే అయితే గుంటూరులోనే ఏదో ఒకటి చూసుకునేవాణ్ణి. నాకు ఊదడం నేర్పిన లింగయ్య మాస్టరుది మాచర్ల. పెళ్ళిళ్ళ కాలమంతా తెనాలిలో మా బ్యాండుతో ఉండి, వానలు పడగానే మౌత్‌పీసు రొంటిన దోపుకుని ఊరికి వెళ్ళిపోయేవాడు. ఏ దొరల పటాలం నుంచి చేతులు మారి వచ్చిందో, వెడల్పు అంచు, లోతైన గిన్నె ఉన్న పాతకాలపు మౌత్‌పీసు ఆయనది. ఆయన ఊదితే ఇత్తడి మోత వినపడేది కాదు, మనిషి గొంతు వినపడేది. ఒక ఆషాఢంలో వెళ్ళినవాడు తిరిగి రాలేదు. జ్వరంతో పోయాడని కబురు వచ్చింది. ఆ తర్వాత ఆ గొంతు నేను ఎక్కడా వినలేదు. పొద్దున్నే కళ్ళు మూసుకుంటే వినపడేది, బూర ఎత్తగానే పారిపోయేది. పన్ను ఊడేలోగా ఒక్కసారైనా అది నా బూరలో పలికితే చాలుననుకునేవాణ్ణి. రెండేళ్ళు ఆ బెంగ పెట్టుకుని తిరిగాను. చివరికి యజమానిని బతిమాలి కార్నెట్ గుడ్డలో చుట్టించుకుని రైలెక్కాను.

నరసరావుపేట

సరాసరి మాచర్ల వెళ్ళి పోయినవాడి భార్యను ఆయన వస్తువు అడగడానికి నాకు మొహం చెల్లలేదు. దారిలో ఇంకొకటి దొరికితే ఆ అవసరమే ఉండదు గదా అనుకున్నాను. శివరాత్రికి కోటప్పకొండ తిరణాలలో ప్రభల ముందు ఊదిన బ్యాండు ఒకటి విచ్చిపోయి, సామానంతా నరసరావుపేటలో ఒక ఇత్తడి కొట్టుకి అమ్మేసిందని విన్నాను. అందుకని ముందు అక్కడ దిగాను.

పేట బజారు మా తెనాలి బజారులా నిదానంగా ఉండదు. ప్రతివాడూ పోట్లాడుతున్నట్టే మాట్లాడతాడు. కాసేపు నిలబడి వింటే అది పోట్లాట కాదని, కుశల ప్రశ్నలని తెలుస్తుంది. ఇత్తడి కొట్టు శెట్టిగారు కూడా అదే గొంతుతో నన్ను ఆహ్వానించాడు.

"ఏందయ్యా, ఏం గావాల? బిందెలా, గంగాళాలా?"

మౌత్‌పీసులన్నాను. ఆయన ఒక చాటలో పోసి తెచ్చాడు, వంకాయలు తెచ్చినట్టు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకటి తీసి నోటిదాకా తెచ్చానో లేదో శెట్టిగారు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగాగు! మూతి పెడితే కొన్నట్టే. నీ ఎంగిలిది ఇంకోడికి ఎట్టా అమ్మేది?"

"మూతి పెట్టకుండా మౌత్‌పీసు ఎలా ఎంచుకోనండీ?"

"చెప్పులు కొనేటప్పుడు కాలి కొలత చూస్తావు గదా, అట్టా చూసుకో."

ఆయన మాట కూడా న్యాయమే. ఆ చాటలోవన్నీ ఎవరెవరి నోళ్ళలోనో నానినవే. కాని శెట్టిగారు ఒక్కొక్కదాన్నీ చింతపండు పెట్టి తోమించాడు, కనుక ఆయన లెక్కలో అవన్నీ మళ్ళీ కన్యలే. నేను ఒక్కొక్కదాన్నీ చేతి వెనక భాగాన అదిమి, పడిన గుండ్రటి అచ్చును గోడ మీది అద్దంలో నా మూతి పక్కన పెట్టి చూసుకున్నాను. బజారులో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒక ముసలాయన, "చెయ్యి విరిగిందా ఏంది?" అని అడిగి, జవాబు వినకుండానే జాలిపడి వెళ్ళిపోయాడు.

చివరికి ఒకటి నచ్చింది. అచ్చు పెద్దదిగానే కనపడింది. శెట్టిగారు మూడు రూపాయలన్నాడు. అదేమిటంటే యుద్ధం అన్నాడు. ఆ రోజుల్లో ఏ ధర అడిగినా యుద్ధమే జవాబు. ఇచ్చి, మెట్టు దిగకముందే నోట పెట్టుకున్నాను. నా పాతదానికన్నా సన్నం! చేతి మీది చర్మం సాగుతుందని, పెదవి సాగదని అప్పుడు గాని నాకు గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే శెట్టిగారు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"మూతి పెట్టావు, అయిపోయింది. ఎల్లిరా నాయనా."

నకరికల్లు

పేట నుంచి పిడుగురాళ్ళ దాకా బొగ్గు బస్సు. పెట్రోలంతా యుద్ధానికి పోతోందని బస్సుల వెనక పీపాలు కట్టి, వాటిలో బొగ్గు మండించి, ఆ పొగతో నడిపిస్తున్నారు. నడిపిస్తున్నారనడం మర్యాద కోసం. నకరికల్లు దగ్గర చిన్న ఎత్తు రాగానే బస్సు దగ్గి, ఆయాసపడి, వెనక్కి జారింది. అందరం దిగి నెట్టాం. మా వైపు టిక్కెట్టు కొన్నవాడు కూర్చుంటాడు. ఇక్కడ టిక్కెట్టు కొన్నవాడే నెడతాడు, పైగా డ్రైవరు చేత తిట్లు తింటాడు. ఎంత నెట్టినా అది కదలలేదు. పీపా కడిగి మళ్ళీ నిప్పు రాజేయాలి, ఒక పూట పడుతుందని డ్రైవరు తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

రోడ్డు పక్కన పాక ముందు రత్తమ్మ అనే ఆవిడ జొన్నరొట్టెలు కాలుస్తోంది. అణాకి రెండు రొట్టెలు, పచ్చిమిరపకాయల పచ్చడి ఊరికే. నేను ఒక రొట్టె తిని, అలవాటు కొద్దీ అన్నం ఉందా అని అడిగాను. మా వైపు మూడు పూటలా వరే గదా.

"అన్నమా? పండగ ఇంకా రాలా అబ్బాయ్," అందావిడ. "ఏ ఊరు మీది?"

తెనాలి అన్నాను.

"అదీ సంగతి. కాలవ కింది బిడ్డవి. ఈడ కాలవ లేదు, మబ్బు దయ. తిను, రొట్టె పళ్ళకి బలం."

పళ్ళ మాట ఎత్తేసరికి నా నాలుక ముందు పన్ను మీదికి పోయింది. కదిలే పన్నుతో జొన్నరొట్టె నమలడం ఎంత కష్టమో పడ్డవాడికే తెలుస్తుంది. ముక్కలు చేసి మజ్జిగలో నానబెట్టుకుని పసిపిల్లవాడిలా తిన్నాను. పచ్చడి మాత్రం వేలి కొసన అద్దుకున్నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది.

నా మూటలో ఏముందో అప్పటికే బస్సువాళ్ళందరికీ తెలిసిపోయింది. ఊదమని పట్టుబట్టారు. సరే, కొన్నదాని బాగోగులు చూద్దామని కొత్త మౌత్‌పీసు తగిలించి ఎత్తాను. పై స్వరాలు చెవులు కోసేలా పలికాయి. కిందికి దిగేసరికి గొంతు సన్నబడి, మంద తప్పిన మేకపిల్ల అరిచినట్టు అయింది. పన్ను జివ్వుమని లాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆపయ్యా సామీ, గొడ్లు బెదురుతన్నయ్!" అని రత్తమ్మ అరిచింది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని బూర గుడ్డలో చుడుతుంటే ఏడుపు వచ్చింది. ఇదే మెట్ట మీద, ఇదే గాలిలో మాస్టరు ఊది ఉంటే ఈ నవ్వేవాళ్ళంతా నోరు మూసుకుని వినేవాళ్ళు. ఆయన ఏటేటా ఈ దారినే వచ్చి ఈ దారినే పోయేవాడు. ఈ పాక దగ్గరే ఆగి రొట్టె తిన్నాడేమో, అడుగుదామనుకున్నాను. తీరా రత్తమ్మ ఆయన్ని ఎరగనంటే ఇంకా బాధ అని అడగలేదు.

గురజాల

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల పొడి పడి మనుషులూ చెట్లూ ఒకే రంగులో ఉన్నాయి. అక్కడ రైలెక్కి గురజాలలో దిగాను. మాచర్ల దాకా ఒకేసారి పోయే ధైర్యం చాలలేదు. అదీ అసలు సంగతి. కాఫీ తాగే వంక పెట్టి దిగాను.

గురజాల కోర్టు ఊరు. హోటల్లో కూర్చున్నవాళ్ళలో సగం మంది వాదులు, మిగతా సగం ప్రతివాదులు. ఒకే బల్ల మీద ఇడ్లీలు తింటున్నారు. ఒకరి చట్నీ ఒకరు అడిగి వేసుకుంటున్నారు. మా వైపు కోర్టుకెక్కినవాళ్ళు వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. ఇక్కడ కచేరీ తలుపు దగ్గర మాత్రమే తిప్పుకుంటారట.

నా ఎదురుగా తలపాగా చుట్టిన వీరయ్య అనే పెద్దమనిషి కూర్చున్నాడు. ఎవరి గట్టు తగాదాకో సాక్ష్యానికి వచ్చాడు. నా మూట చూసి, "బూరా?" అని అడిగాడు. అవునన్నాను. తను కొమ్ము ఊదుతానన్నాడు. కారెంపూడి వీరుల తిరణాలలో వాళ్ళ వంశం కొమ్ము లేనిదే ఊరేగింపు కదలదట.

మా వృత్తులు దగ్గరవే గనుక నా గోడు చెప్పుకున్నాను. మౌత్‌పీసు, పెదవి, అంచు అంతా వివరించాను. ఆయన శ్రద్ధగా విని పెద్దగా నవ్వాడు.

"మా కొమ్ముకి ఊడదీసే ముక్కే లేదయ్యా. మూతి అయినా బూర అయినా అంతా ఒకటే రాగి. మా తాత ఊదాడు, మా నాయన ఊదాడు. నా మూతికి సరిపోదంటే ఎవరు వింటారు? మూతే దానికి సరిపెట్టుకున్నా. చూడు, ఎట్టా వంకర పోయిందో."

నిజంగానే ఆయన పై పెదవి ఒక పక్కకి ఒరిగి ఉంది. దాన్ని ఆయన మీసం దువ్వుకున్నంత గర్వంగా చూపించాడు.

"మరి ఎంగిలి?"

"నాగులేరు ఉంది గదా. ఊదేవోడు మారినప్పుడు ఏట్లో ముంచి చింతపండు పెట్టి తోముతాం. అప్పుడు గాని కొడుకు నోట పెట్టడు. మా నాయన పొయ్యినాక నేనే కడిగా." కాఫీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "ఆ పొద్దు చానా ఏడ్చా. శవాన్ని ఎత్తినప్పుడు ఏడవలా, అది కడిగినప్పుడు ఏడ్చా," అన్నాడు.

ఇంతలో కచేరీ బంట్రోతు పేరు పిలిచాడు. వీరయ్య తలపాగా సర్దుకుని లేచాడు. నా కాఫీకి కూడా తనే అణా ఇచ్చి వెళ్ళాడు.

మాచర్ల

మాచర్ల అంతా నాపరాయి. నేల నాపరాయి, గోడ నాపరాయి, అరుగు నాపరాయి. పొలానికి కంచె కూడా నాపరాళ్ళు నిలబెట్టి కడతారు. మా వైపు తాటాకు ఎంత ధారాళంగా వాడతారో ఇక్కడ రాయి అంత ధారాళంగా వాడతారు. సత్రంలో పడుకుని తెల్లారి లేచేసరికి వీపు మీద రాతి గీతలు పడ్డాయి. మొహం కడుక్కుని మాస్టరు ఇల్లు వెతుక్కుంటూ బయలుదేరాను.

చెన్నకేశవస్వామి గుడి వెనక వీధి అని చెప్పారు. వీధి మలుపు తిరగగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

తుమ్మెద ఝుంకారం లాంటి చప్పుడు వినపడుతోంది. బూరకి తగిలించకుండా ఉత్త మౌత్‌పీసు ఊదితే వచ్చే చప్పుడు అది. పొద్దున్నే పెదవులు తేలికపడడానికి మేము అలా ఊదుతాం. ఊదుతున్నది మోహన రాగంలో మాస్టరు తనే కట్టుకున్న చిన్న స్వరం. తెనాలిలో రోజూ నన్ను నిద్ర లేపింది అదే. కింది షడ్జం నుంచి మెట్లెక్కుతున్నట్టు పంచమం దాకా వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం నిలిచి, పై షడ్జానికి ఎగిరి, వంపు తిరిగి కిందికి వస్తుంది. మాస్టరు పోలేదు, కబురు అబద్ధం, అనుకున్నాను. సిగ్గు పడకుండా చెబుతున్నాను, వీధిలో పరుగెత్తాను.

పంచమం దాకా వచ్చి చప్పుడు తెగింది. ఉస్సుమని గాలి పోయింది. మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. మళ్ళీ అక్కడే తెగింది. మాస్టరు ఎన్నడూ అక్కడ తెగేవాడు కాదు. నా పరుగు నడక అయింది.

తలుపు తీసే ఉంది. నడవాలో ఒక పెద్దావిడ గోడకి ఆనుకుని కూర్చుని, రెండు చేతులతో మౌత్‌పీసు పట్టుకుని ఊదుతోంది. నన్ను చూసి దించింది గాని దాచుకోలేదు.

"ఎవరు గావాల?"

"తెనాలి నుంచి వచ్చానమ్మా. లింగయ్య మాస్టరు దగ్గర నేర్చుకున్నాను. సుబ్బయ్య అంటారు."

ఆవిడ నన్ను కాదు, నా మూతిని చూసింది.

"నువ్వేనా? నీ సంగతి చెప్పేవోడు. సుబ్బయ్యకి మూతి లావు, ముక్క సన్నం, ఎవరి మాటా వినడు, పళ్ళు పోగొట్టుకుంటాడు అనేవోడు. కూసో అబ్బాయ్."

ఆ మాట మాస్టరు నాతో ఎన్నడూ అనలేదు. చెబితే నేను విననని ఆయనకి తెలుసు. ఇన్నాళ్ళకి ఆయన తిట్టు ఆవిడ నోట వినేసరికి నాకు ఎంత సంతోషమైందో, ఎంత దిగులైందో రెండూ చెప్పలేను.

ఆవిడే మాస్టరు భార్య చెన్నమ్మగారు, నాపరాళ్ళ గనికి కూలికి పోతుంది. పనికి బయలుదేరే ముందు రోజూ కాసేపు ఊదుతుందట. నేను బూర విప్పి చూపిస్తే దాన్ని ఎటు పట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు.

"ఇదా? నేను చూడటం ఇదే. ఇన్నేళ్ళ కాపరంలో ఆయన బూర ఊదంగా ఒక్కసారన్నా వినలా. బూర యజమానిదాయె. ఇంటికి తెచ్చేది ఈ ముక్క ఒక్కటే. వానాకాలం నాలుగు నెల్లూ పొద్దున్నే దీంతో జుమ్మనేవోడు. లోకానికి ఏం వినిపించాడో నాకు తెలియదు, నాకు తెలిసిన పాట ఇదే."

ఆయన బూర గొంతు కోసం నేను రెండేళ్ళు అలమటించాను. ఈవిడ ఆ గొంతే వినలేదు. ఆవిడ విన్న ఝుంకారాన్ని నేను నిద్ర లేపే గోల అని విసుక్కున్నాను.

"ఆయన పొయ్యినాక పొద్దున్నే ఇల్లు బావురుమనేది," అందావిడ. "ఉండలేక ఒకనాడు నోట పెట్టుకున్నా. ఒక చలికాలమంతా గాలే వచ్చింది. తర్వాత చప్పుడొచ్చింది. ఇదిగో, ఈడదాకా పలుకుద్ది. ఆపైకి పోదు. పట్టు దొరకదు, పక్కల్నుంచి గాలి పోద్ది."

ఆవిడవి సన్నటి పెదవులు. ఆ వెడల్పు అంచు మూతి చుట్టూ వదులుగా ఉంది. ఎందుకు తెగుతోందో నాకు అర్థమైంది.

అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. పన్ను కదిలించి చూపించాను. ఇచ్చెయ్యమని కాదమ్మా, ఒక్కసారి ఊది చూస్తాను, ఆయన గొంతు ఒక్కసారి వస్తుందేమో చూస్తాను, అన్నాను. ఆవిడ మౌత్‌పీసును అరచేతిలో పెట్టుకుని చూసింది. నల్లబడి, అంచున పచ్చగా చిలుము పట్టి ఉంది.

"నువ్వు నోట పెట్టాలంటే కడగాల గదా?"

"కడగాలమ్మా."

"నేను కడగలా. ఆఖరిసారి ఊది ఆయనే ఆ గూట్లో పెట్టాడు. మొగుడి విస్తట్లో తిన్నదాన్ని, నాకు ఎంగిలేంది? ఆయన మూతి పెట్టిన కాడే నేను పెట్టుకుంటన్నా. చింతపండుతో తోమితే ఇంక ఇందులో ఆయన యాడుంటాడయ్యా?"

గురజాల వీరయ్య మాట గుర్తొచ్చింది. వద్దమ్మా, కడగొద్దు, అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అన్న మరుక్షణం నా పన్ను, నా బూర, రెండేళ్ళ ఆశ అన్నీ ఒక్కసారి ఆ మాట వెనక్కి తీసుకోమన్నాయి.

ఆవిడ జొన్న సంగటి, గోంగూర పెట్టింది. తిని లేచాక నాకు పేటలో కొన్న సన్న మౌత్‌పీసు గుర్తొచ్చింది. పెరట్లో చింతపండు అడిగి దాన్ని నా ఎంగిలి పోయేదాకా తోమాను. అది బంగారంలా తేలాక ఆవిడ ముందు పెట్టాను.

"ఇది నాకు పనికిరాలేదమ్మా. మీ మూతికి కుదురుతుందేమో చూడండి."

"ఆయనది ఉండగా నాకు వేరేది ఎందుకయ్యా?" అంది. అంటూనే తీసి గూట్లో ఒక పక్కన పెట్టింది. నేను దణ్ణం పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న రైలు. ఆవిడ ఇంటికి మళ్ళీ వెళ్ళే ఉద్దేశం నాకు లేదు. ఒక్కసారి ఆ వీధిలోంచి నడిచి, ఆ చప్పుడు విని పోదామనుకున్నాను అంతే. గోడ పక్కన నిలబడ్డాను. మొదలైంది. షడ్జం నుంచి పంచమం దాకా వచ్చింది. తెగుతుందని ఊపిరి బిగబట్టాను.

తెగలేదు. పంచమం మీద ఒక్క క్షణం నిలిచి పైకి ఎగిరింది. సన్నగా, వణుకుతూ, పై షడ్జం అందుకుని, వంపు తిరిగి కిందికి వచ్చింది. లోపల చప్పుడు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా, తెగకుండా. నేను నాపరాతి గోడకి మొహం ఆనించి ఏడ్చాను.

"ఆడ నిలబడ్డావేంది, లోపలికి రా!" అని కేక వినపడింది. నా చెప్పుల చప్పుడు విన్నదేమో.

ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో నేనిచ్చిన సన్న మౌత్‌పీసు ఉంది. నాతో ఏమీ అనకుండా గూట్లోంచి మాస్టరు మౌత్‌పీసు తీసి, నీళ్ళ కుండ దగ్గర చతికిలబడి, చింతపండు ముద్ద చేతిలోకి తీసుకుంది.

"వద్దమ్మా, వద్దు," అన్నాను.

"నువ్వూరుకో."

తోమింది. బిడ్డకి తలంటు పోసినంత నెమ్మదిగా తోమింది. నల్లటి నీళ్ళు నాపరాతి మీద పారి తూములోకి పోతుంటే అవి పోయినంత దూరం చూసింది. ఇత్తడి పచ్చగా బయటపడింది. కొంగుతో తుడిచి కాసేపు గుప్పిట్లో పెట్టుకుంది.

"ఇయ్యాల పాట మొత్తం విన్నా. రెండూ ఉంచుకోవాలని ఆశే అబ్బాయ్. కానీ దీంతో నా నోట సగమే పలుకుద్ది. ఈ సగంతో దీన్ని గూట్లో కట్టేసి ఏం జెయ్యను? పట్టుకుపో."

చేయి చాచాను గాని ఆవిడ గుప్పిట వెంటనే విప్పలేదు.

"ఈడ మాత్రం ఊదమాక. నేను తట్టుకోలేను. వాగు దాటినాక ఊదు. ఆయన ఎప్పుడూ ఊదింది వాగు అవతలే గదా."

చంద్రవంక అవతల

రైలుకి ఇంకా వేళ ఉంది. చంద్రవంక వాగులో మోకాలి లోతు నీళ్ళు, ఎర్రగా. దాటి అవతల గట్టు ఎక్కాను. మాచర్ల ఇళ్ళ మీద పొయ్యిల పొగలు లేస్తున్నాయి. గుడి వెనక ఆ ఇల్లు ఏదో అక్కడి నుంచి పోల్చుకోలేకపోయాను.

మౌత్‌పీసు తగిలించి నోటికి ఆనించాను. అంచు పెదవుల చుట్టూ వెడల్పుగా కూర్చుంది. పన్ను మీద భారం పడలేదు. షడ్జం ఊదాను. వచ్చింది మాస్టరు గొంతు కాదు. అది నాదే. కాని కొడుకు మాట్లాడితే తండ్రి జ్ఞాపకం వస్తాడే, ఆ పోలిక ఉంది. అంతకు మించి ఇక ఎప్పటికీ రాదని నాకు అప్పుడే తెలిసింది. వచ్చినదాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

మోహన స్వరం అందుకున్నాను. మెట్టు మెట్టుగా పంచమం దాకా వెళ్ళి, అక్కడ నిలిపి, బూర దించేశాను. పై సగం ఊదడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు వాగు వైపు చూస్తూ ఊరికే నిలబడ్డాను. ఉత్త మౌత్‌పీసు చప్పుడు వీధి కూడా దాటదు, వాగు దాటి నాదాకా రాదు. అయినా ఆ సగం ఊదవలసిన మనిషి మాచర్ల గట్టున ఉంది.